ఒక్క కెమెరాకి రెండు కళ్ళు

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను వంటల గురించి గానీ, అల్లికల గురించి గానీ చెప్పబోవడం లేదు. ఫోటోల గురించి, అందులోనూ అద్దాలు అడ్డుపెట్టి తీసే ఒక తమాషా ఫోటో గురించి చెబుతాను. అద్దాల సంగతి ఆడవాళ్ళకి వేరే చెప్పాలా అని మగవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. ఈ అద్దాల ఆట మూలాన మా ఇంట్లో ఒక ముఖ్యమైన విషయం బయటపడింది. అది చివర్లో చెబుతాను.

ముందు మీరొక చిన్న పని చెయ్యండి. ఒక చేత్తో పెన్నూ, రెండో చేత్తో దాని మూతా పట్టుకోండి. చేతులు ముందుకి చాచి, ఒక కన్ను మూసుకుని, పక్క నుంచి తెచ్చి పెన్నుకి మూత పెట్టండి. చాలామందికి మొదటిసారి మూత పెన్నుకి ఇవతలో అవతలో పడుతుంది. రెండు కళ్ళూ తెరిస్తే చటుక్కున పెట్టేస్తారు. సూదిలో దారం ఎక్కించడం కూడా అంతే.

దీనికి కారణమేమిటంటే, మన రెండు కళ్ళకీ మధ్య సుమారు 6.5 సెంటీమీటర్ల ఎడం ఉంది. అంచేత ఎడమ కన్ను చూసే బొమ్మ వేరు, కుడి కన్ను చూసే బొమ్మ వేరు. ముఖానికి ఎదురుగా బొటనవేలు పెట్టుకుని, ఒకసారి ఈ కన్నూ ఒకసారి ఆ కన్నూ మూసి చూడండి. వెనకనున్న కిటికీ ముందు వేలు అటూ ఇటూ గెంతుతుంది. ఈ రెండు బొమ్మల్లో ఉన్న కాస్త తేడానే పట్టుకుని, మెదడు వాటిని ఒకటిగా కలిపి, ఇది దగ్గర, అది దూరం అని లెక్క కడుతుంది. ఒంటి కన్నుతో దూరం అసలే తెలియదని కాదు. దగ్గరివి పెద్దగా, దూరపువి చిన్నగా కనిపించడం, ఒక వస్తువు మరొకదానికి అడ్డు రావడం, నీడలు పడడం, ఇవన్నీ ఒంటి కన్నుకీ తెలుస్తాయి. కానీ చేతికందే దూరంలో, అంగుళం అరంగుళం తేడాలు చెప్పడానికి రెండు కళ్ళ పొత్తు ఎంతో అవసరం.

ఈ సంగతి రుజువు చేసి చూపినవాడు ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ అనే శాస్త్రజ్ఞుడు. ఆయన ఒకే వస్తువుని ఎడమ కంటికి కనిపించే తీరున ఒకటి, కుడి కంటికి కనిపించే తీరున ఒకటి బొమ్మలు గీయించి, రెండు అద్దాలు ఏటవాలుగా నిలబెట్టి, ఏ కంటికి ఆ బొమ్మే కనిపించే ఏర్పాటు చేశాడు. చూసేవాళ్ళకి కాగితం మీది గీతలు లేచి నిలబడ్డట్టు కనిపించాయి. ఆ సాధనానికే స్టీరియోస్కోపు అని పేరు. ఆయన ఈ విషయం 1838లో ప్రకటించాడు. ఫోటోగ్రఫీ సంగతి లోకానికి తెలిసింది ఆ మరుసటి ఏడు, 1839లో. అంటే ఈ విద్యలో ఫోటో కన్నా అద్దమే ముందు వచ్చిందన్నమాట.

తరవాత డేవిడ్ బ్రూస్టర్ అనే ఆయన అద్దాలకి బదులు లెన్సులు పెట్టి చిన్న పెట్టెగా చేశాడు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో విక్టోరియా మహారాణి దాన్ని చూసి ముచ్చటపడింది. ఇక ఆ జోడు బొమ్మలు ఇంటింటికీ పాకిపోయాయి. జేమ్స్ రికాల్టన్ అనే అమెరికా ఆయన మన దేశమంతా తిరిగి ఇలాంటి ఫోటోలు తీశాడు. 100 దృశ్యాలతో, పక్కన చదువుకోవడానికి ఒక పుస్తకంతో అవి 1907లో వెలువడ్డాయి. అమెరికాలో ఇంట్లో కుర్చీలో కూర్చుని మన గుళ్ళూ, ఘాట్లూ చూశారు జనం. చిన్నప్పుడు మనలో చాలామంది కళ్ళకి ఆనించుకుని, మీట నొక్కుతూ చూసిన వ్యూమాస్టర్ కూడా ఈ కోవలోదే. అది 1939లో వచ్చింది. దాని చక్రంలో 14 చిన్న బొమ్మలుంటాయి గానీ దృశ్యాలు 7 మాత్రమే. కంటికొకటి కదా మరి!

సరే, ఇలాంటి ఫోటో మనమే తీసుకోవాలంటే ఎలా? రెండు లెన్సులున్న ప్రత్యేకమైన కెమెరాలు ఉన్నాయి. అందరి దగ్గరా ఉండవు. ఒకే కెమెరాతో ఒక ఫోటో తీసి, దాన్ని 6.5 సెంటీమీటర్లు పక్కకి జరిపి ఇంకోటి తీయవచ్చు. పూలకుండీకీ, దేవుడి మందిరానికీ, బొమ్మల కొలువుకీ ఈ పద్ధతి చక్కగా పనికొస్తుంది. మనుషుల దగ్గరికొచ్చేసరికే చిక్కు. మొదటి ఫోటోకీ రెండో ఫోటోకీ మధ్య పిల్లాడు తల తిప్పుతాడు, కొంగు ఎగురుతుంది, కొమ్మ ఊగుతుంది. అప్పుడా రెండు బొమ్మలూ కలవవు. రెండూ ఒక్క క్షణంలోనే పడాలి. దానికే ఈ అద్దాల ఉపాయం.

ఇది కొత్త ఉపాయమేం కాదు. ఇంగ్లండులో థియోడర్ బ్రౌన్ అనే ఆయన 1890 దశకంలోనే మామూలు కెమెరా ముందు అద్దాలు అమర్చి ఇలా తీశాడు. జర్మనీలో లైకా కెమెరాకి 1930 దశకంలో గాజు పట్టకాలతో ఇలాంటిది చేశారు. జపాన్‌లో పెంటాక్స్ కెమెరాకి అద్దాలతో చేశారు. మా తమ్ముడు ఒక సంక్రాంతికి వస్తూ అటువంటిదే ఎక్కడో పాత సామాన్లలో కొన్నది పట్టుకొచ్చాడు. సబ్బుపెట్టె అంత ఉంది. "అక్కయ్యా, ఇది తగిలిస్తే నా కెమెరాకి రెండు కళ్ళు వస్తాయి" అన్నాడు. లెన్సు ముందు మర బిగించి, వసారాలో చేట ముందేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అమ్మని ఫోటో తీశాడు.

లోపలి అమరిక ఇలా ఉంటుంది. ఒక పుస్తకాన్ని సగం తెరిచి, దాని వెన్ను లెన్సుకి ఆనేటట్టు నిలబెట్టారనుకోండి. ఆ రెండు అట్టల మీదా బయటివైపు రెండు చిన్న అద్దాలు అతికించినట్టు ఊహించుకోండి. వాటికి ఎదురుగా, అటొకటీ ఇటొకటీ, ఇంచుమించు సమాంతరంగా మరో రెండు కాస్త పెద్ద అద్దాలుంటాయి. ఎదుట ఉన్న మనిషి మీంచి వచ్చే వెలుగు ముందు బయటి అద్దం మీద పడి, అక్కణ్ణించి లోపలి అద్దానికి వచ్చి, అక్కణ్ణించి లెన్సులోకి వెళుతుంది. ఎడమ జంట అద్దాలు చూసిన బొమ్మ ఫోటోలో ఎడమ సగంలోనూ, కుడి జంట చూసినది కుడి సగంలోనూ పడుతుంది. ఒక్కసారి మీట నొక్కితే రెండూ ఒకేసారి. అద్దంలో మనకి కుడి ఎడమలు తారుమారౌతాయి కదా, ఇక్కడ ఎందుకు కావు అని అడుగుతారేమో. ఇక్కడ ప్రతిబింబం రెండుసార్లు పడుతుంది. మొదటిసారి తారుమారైనది రెండోసారికి సర్దుకుంటుంది.

ఇందులో ఒక కిటుకు ఉంది. అద్దాలు పూర్తిగా సమాంతరంగా పెడితే ఎడమ సగం ఎడమవైపు దృశ్యాన్నీ, కుడి సగం కుడివైపు దృశ్యాన్నీ చూసి ఊరుకుంటాయి. మనకి కావలసింది రెండూ ఒకే దృశ్యాన్ని చూడడం. అంచేత బయటి అద్దాలు రెండింటినీ పిసరంత లోపలి చూపుకి తిప్పుతారు. ఎదుటి మనిషి రెండు సగాల్లోనూ నడిమధ్యన కనిపిస్తే అమరిక కుదిరినట్టు.

దీనితో కొన్ని ఇబ్బందులూ ఉన్నాయి. ఫోటో నిలువునా రెండుగా చీలుతుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో బొమ్మ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. సగం చేస్తే ఒక్కొక్కటి 18 మిల్లీమీటర్ల వెడల్పే. కనుక నిలబడ్డ మనిషికీ, గుమ్మానికీ, కొబ్బరిచెట్టుకీ బాగుంటుంది గానీ, పెళ్ళిలో బంధువులందరినీ వరసగా నిలబెట్టి తీయడానికి పనికిరాదు. రెండు సగాల నడుమ మసకగా ఒక చార వస్తుంది. లెన్సు ద్వారాన్ని, అంటే అపెర్చర్‌ని, బాగా చిన్నది చేస్తే ఆ చార సన్నబడుతుంది. ద్వారం చిన్నదైతే వెలుగు ఎక్కువ కావాలి. అందుకని వసారాలోనో, డాబా మీదనో పగటి వెలుగులో తీయడం మేలు. దగ్గరలో దగ్గర వస్తువు 2 మీటర్ల దూరంలో అయినా ఉండాలి. మరీ ముందుకొస్తే రెండు బొమ్మలకీ తేడా ఎక్కువై, కలుపుకోవడానికి కళ్ళు నొప్పెడతాయి. ఇలాంటి అమరికని సెల్‌ఫోన్ ముందు పెట్టేవాళ్ళు దృశ్యాన్ని రెండింతలు జూమ్ చేసుకోవాలి. ఫోన్ లెన్సు చాలా వెడల్పుగా చూస్తుంది గనక, జూమ్ చేయకపోతే అద్దాల అంచులు కూడా ఫోటోలో పడతాయి.

నాలుగద్దాలు మాకెక్కడ దొరుకుతాయమ్మా అంటారా? ఒక్క అద్దంతోనే ఇంట్లో చేసుకునే పద్ధతి ఒకటి చెబుతాను. జానెడు పొడవున్న, చట్రం లేని చేతి అద్దం ఒకటి తీసుకోండి. అంచులు గరుకుగా ఉంటే టేపు అతికించండి, చెయ్యి తెగకుండా. సెల్‌ఫోన్‌ని అడ్డంగా, దాని లెన్సు మీకు ఎడమ చివరన ఉండేటట్టు, బల్ల మీద నిలబెట్టండి. లెన్సుకి కుడిపక్కన ఒక అంగుళం వదిలి, అద్దం అంచు ఫోన్ వీపుకి ఆనించి, అద్దాన్ని నిటారుగా, ఎదుటి దృశ్యం వైపు చాచినట్టు నిలబెట్టండి. అద్దం ముఖం లెన్సు వైపుకి, అంటే ఎడమకి ఉండాలి. ఇప్పుడు ఫోన్ తెరమీద ఎడమ సగంలో అసలు దృశ్యం, కుడి సగంలో అద్దంలో దృశ్యం కనిపిస్తాయి. దీనికి జూమ్ అక్కర్లేదు. మనిషిని ఎడమ సగంలో మధ్యకి వచ్చేలా నిలబెట్టి, కుడి సగంలో కూడా ఆ మనిషే కనిపించేదాకా అద్దాన్ని కొద్దికొద్దిగా తిప్పి, ఫోటో తీయండి. ఒకరు అద్దం పట్టుకుంటే ఇంకొకరు తీయడం సులువు.

ఇందులో ప్రతిబింబం ఒక్కసారే పడింది గనక కుడి సగం తారుమారుగా ఉంటుంది. దాన్ని సరిచేయడానికి మళ్ళీ ఆ అద్దమే చాలు. ఫోటోని ప్రింటు వేయించి బల్లమీద పెట్టండి. రెండు సగాల మధ్య గీత మీద అద్దాన్ని నిలబెట్టండి. ఈసారి దాని ముఖం కుడివైపుకి ఉండాలి. పై అంచుకి ముక్కు ఆనించి, ఎడమ కంటితో ఎడమ బొమ్మని నేరుగానూ, కుడి కంటితో అద్దంలోకీ చూడండి. కుడి బొమ్మ అద్దంలో సరిగ్గా తిరిగి, ఎడమ బొమ్మ మీదికి వచ్చి కూర్చుంటుంది. తొందరపడకండి. అద్దాన్ని కాస్త అటూ ఇటూ వంచుతూ నాలుగైదు నిముషాలు ఓపిక పట్టండి. ఉన్నట్టుండి కాగితం లోతుగా తెరుచుకుంటుంది. మనిషి ముందుకి వస్తాడు, గోడ వెనక్కి వెళుతుంది.

అద్దం విషయంలో ఒక మాట. మామూలు అద్దానికి పూత గాజు వెనకాల ఉంటుంది. గాజు పైభాగం కూడా కొంత వెలుగుని తిప్పికొడుతుంది గనక, బొమ్మ పక్కన సన్నటి జంట నీడ పడుతుంది. నేర్చుకోవడానికి దాంతో బాధ లేదు. నాలుగద్దాల అమరిక చేయాలనుకునేవారు మాత్రం పూత పైనే ఉన్న అద్దాలు వాడాలి. పాడైపోయిన స్కానర్లలో, జిరాక్సు యంత్రాల్లో అలాంటి పొడుగాటి అద్దాలుంటాయి. పాత సామాన్ల కొట్లో అడగండి. గుర్తుపట్టడం తేలిక. అద్దం మీద గోరు ఆనించండి. గోటికీ దాని నీడకీ మధ్య ఎడముంటే మామూలు అద్దం, రెండూ అంటుకుని ఉంటే పైపూత అద్దం. దాన్ని చీరకొంగుతో తుడవకండి, గీతలు పడిపోతాయి. దుమ్ము ఊదెయ్యడమే.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను.

మా తమ్ముడు అమ్మ ఫోటోని సాయంత్రానికల్లా ప్రింటు వేయించి తెచ్చాడు. రెండు భూతద్దాలున్న చిన్న పెట్టెలో పెట్టి అందరికీ చూపించాడు. మా అత్తయ్యగారు "అమ్మో, మీ అమ్మ చెయ్యి నా మీదికే వస్తోందే!" అన్నారు. మావారు రెండుసార్లు చూశారు. మా పెద్దమ్మాయి వదలనంది. మా చిన్నమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. అది కూడా చూసి, "ఆఁ, కనిపిస్తోంది, బాగుంది" అని పెట్టె ఇచ్చేసింది. నాకెందుకో అనుమానం వచ్చింది. "అమ్మమ్మ చెయ్యి ముందుందా, చేట ముందుందా?" అని అడిగాను. జవాబు లేదు. రెట్టించి అడిగితే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "అన్నీ ఒక్క చోటే ఉన్నాయమ్మా" అంది. అందరూ కనిపిస్తోందంటుంటే తనకొక్కదానికే కనిపించలేదని చెప్పడానికి సిగ్గుపడిందన్నమాట.

మా తమ్ముడు కాసేపు ఊరుకుని, ఆట ఆడించినట్టుగా దాని ఎడమ కన్ను చేత్తో మూశాడు. అది కదలకుండా నిలబడింది. కుడి కన్ను మూశాడు. వెంటనే చెయ్యి తోసేసింది. మళ్ళీ మూశాడు. మళ్ళీ తోసేసింది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. గ్లాసులో నీళ్ళు పోయమంటే పక్కన పోసేది. మెట్లు దిగేటప్పుడు చివరి మెట్టు దగ్గర తడబడేది. బంతి విసిరితే చేతులు ముందే మూసేసేది. ఇలా జరిగినప్పుడల్లా నేను దాన్ని ఏమన్నానో తెలుసా? "ధ్యాసెక్కడుందే నీకు? కళ్ళు నెత్తిమీద పెట్టుకున్నావా?" అన్నాను. ఎన్నిసార్లన్నానో లెక్కలేదు.

కళ్ళ డాక్టరుగారు పరీక్ష చేసి, కుడి కన్ను బాగానే ఉందనీ, ఎడమ కంటికి పవరు బాగా ఎక్కువగా ఉందనీ చెప్పారు. మసకగా పంపిన బొమ్మని మెదడు పట్టించుకోవడం మానేసి, మంచి కంటితోనే పని జరుపుకుంటుంది. దీన్ని లేజీ ఐ అంటారు. పైకి చూస్తే కళ్ళు రెండూ చక్కగా, సమానంగా ఉంటాయి. పిల్ల చదువుతుంది, ఆడుతుంది. అంచేత ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. పుట్టినప్పటి నుంచీ తన చూపు అంతే గనక పిల్లకీ తెలియదు. ఒక పెద్ద ఈగ బొమ్మ చూపించి, ప్రత్యేకమైన కళ్ళజోడు పెట్టి, రెక్కలు పట్టుకోమన్నారు. రెండు కళ్ళ చూపూ కలిసినవాళ్ళకి ఆ రెక్కలు కాగితం మీదికి లేచి కనిపిస్తాయి. వేళ్ళు గాలిలోనే ఆగుతాయి. మా పిల్ల వేళ్ళు తిన్నగా వెళ్ళి కాగితాన్ని తాకాయి. ఆ ఈగా, మా తమ్ముడి ఫోటో ఒకే సూత్రం మీద పనిచేస్తాయని అప్పుడే తెలుసుకున్నాను.

కళ్ళజోడు ఇచ్చారు. మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ అతికించమన్నారు. బలహీనమైన కంటికి పని కల్పించడమే ఆ వైద్యం. చెప్పినంత సులువు కాదది. మొదటి నెల రోజూ ఏడుపే. పట్టీ పీకేసేది. బళ్ళో వెక్కిరించారని అన్నం మానేసింది. పట్టీ మీద బొమ్మలు వేసి, పట్టీ ఉన్న సమయంలోనే బియ్యంలో రాళ్ళు ఏరించి, పూసలు గుచ్చించి, రంగులు వేయించి ఎలాగో నెట్టుకొచ్చాను. ఏడాదికి ఎడమ కంటి చూపు చాలావరకు మెరుగుపడింది. ఈగ పరీక్షలో రెక్క పట్టుకోబోయి వేళ్ళు కాగితానికి పైనే ఆపింది. సన్నటి తేడాల బొమ్మలు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. ఇంకొంచెం ముందుగా తీసుకొచ్చి ఉంటే ఇంకా బాగుపడేదేమో!

అందుకే మీకింత చెబుతున్నాను. మెల్లకన్ను అదృష్టమని మన పెద్దవాళ్ళు అంటూంటారు. పిల్లకి ఒక కన్ను పక్కకి పోతూంటే అదృష్టమని మురిసిపోకుండా డాక్టరుకి చూపించండి. మెల్ల లేకపోయినా సరే, బడిలో వేసేముందు పిల్లలందరికీ ఒక్కో కన్ను విడివిడిగా పరీక్ష చేయించండి. రెండు కళ్ళూ తెరిచి అక్షరాలు చదివితే చాలదు. ఏడేళ్ళ లోపల ఈ వైద్యం బాగా పనిచేస్తుంది. ఆ వయసు దాటిన పిల్లల్లో కూడా కొందరికి మేలు కలుగుతుందని 2005లో అమెరికాలో వెలువడ్డ పెద్ద పరిశీలనలో తేలింది. కనుక ఆలస్యమైపోయిందని ఊరుకోకండి. ఇంకో మాట. ఈ అద్దాల ఫోటో కనిపించనంత మాత్రాన కంటిలో లోపం ఉందని బెదిరిపోనూ వద్దు. అలవాటు లేక కొందరికి కాస్త ఆలస్యంగా కనిపిస్తుంది. కనిపించినంత మాత్రాన కళ్ళు బాగున్నాయని ధీమా పడనూ వద్దు. తేల్చి చెప్పవలసింది డాక్టరే.

ఈ సెలవుల్లో మీ పిల్లల్ని కూర్చోబెట్టి, చేతి అద్దంతో ఒక్క ఫోటో తీయండి. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే ముందు వాళ్ళని తీయండి. చూపించినప్పుడు "కనిపించిందా?" అని అడక్కండి, ఏ పిల్లయినా కనిపించిందనే అంటుంది. "ఏది ముందుంది, ఏది వెనక ఉంది?" అని అడగండి.

మా అమ్మ కిందటేడు పోయింది. ఆ చిక్కుడుకాయల ఫోటో మా ఇంట్లో బీరువాలో ఉంది. మొన్న అమ్మ సంవత్సరీకం నాడు మా చిన్నమ్మాయి దాన్ని తీసి, పెట్టెలో పెట్టుకుని చాలాసేపు చూసింది. నేనేమీ అడగలేదు. కాసేపటికి తనే, "అమ్మమ్మ చెయ్యి చేట దాటి ఇవతలికి వచ్చిందమ్మా, గాజులు కూడా" అంది.